సుమో వస్తాదు వడ్డన

ఎనభైల్లో జెర్సీ సిటీ వెళ్లినప్పుడు మా మేనల్లుడు రవి నన్నొక జపాన్ హోటల్‌కి తీసుకెళ్లాడు. గోడల నిండా సుమో వస్తాదుల బొమ్మలే. వడ్డించే యజమానీ పాత వస్తాదే. ఆయన నడిచొస్తుంటే గది ఓ పక్కకి ఒరిగినట్టనిపించింది. చేతిలో గంగాళమంత పులుసు కుండ. అందులో కోడి, ముల్లంగి, సగం అమెరికా.

"మామయ్యా, ఈ అమెరికాలో ఒక్కసారి నో అంటే మళ్లీ అడగరు. మొహమాటం కట్టిపెట్టండి," అని రవి కార్‌లోనే వార్న్ చేశాడు.

మొదటి గిన్నె క్షణంలో ఖాళీ చేశాను. వస్తాదు వంగి, "ఇంకొంచెం?" అని ఇంగ్లీషులో అడిగాడు. నా ప్రాణమంతా ఆయన గరిటెలోనే ఉంది. చెయ్యి మాత్రం పెళ్లిపంక్తి అలవాటుకొద్దీ గిన్నె మీద మూతలా పడింది. "చాలండి, చాలు," అన్నాను.

రవి తల పట్టుకున్నాడు. వెనక్కి తిరిగిన కుండ అంతలోనే ఆగింది. "కొంచెమే," అన్నాడు వస్తాదు. మళ్లీ వద్దన్నాను.

ఆయన నా చేతిని రెండు వేళ్లతో పూరీలా లేపి పక్కన పెట్టి, గిన్నె పొర్లేలా పోశాడు. "మా అమ్మ దగ్గరా మొదటి రెండు వద్దులూ చెల్లవు," అన్నాడు.

తర్వాత రవి వైపు తిరిగాడు. "నో, థాంక్స్," అన్నాడు రవి. పాపం, వాడి కడుపు నిజంగానే నిండింది. వస్తాదు నవ్వి గరిటె ముంచాడు.