క్లచ్ లేని సైకిలు

నా రెండు మోకాళ్ళ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఈ ఉదయం గుంటూరులో మా వీధి మలుపు దగ్గర నా ఈడు పెద్దమనిషి ఒకాయన కొత్త గేర్ల సైకిలు మీద వస్తూ, గేరు మార్చబోయినప్పుడల్లా ఎడమచేతి మీటను గట్టిగా నొక్కి, ఠక్కున ఆగిపోయి, సైకిలు వంక కోపంగా చూస్తున్నాడు. చూస్తున్నవాళ్ళకు ఏమర్థమైందో గానీ, ఆయన ఇరవై ఏళ్ళు స్కూటరు నడిపిన మనిషని నాకు మాత్రం ఒక్క చూపులో తెలిసిపోయింది. కొన్నేళ్ళ కిందట నేనూ సరిగ్గా అలాగే ఆగాను మరి.

అప్పట్లో మోకాళ్ళు నొప్పులని వెళితే, డాక్టరుగారు స్కూటరు పక్కన పెట్టి సైకిలు తొక్కమన్నారు. ఆ వారమే మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త, ఒంగోలు నుంచి వచ్చాడు. చుట్టాలందరిలోనూ నా కథలకు అడ్డుపడే మనిషి ఆయనొక్కడే. భోజనాల దగ్గర నేను ఊరుకోక, సైకిలు కొన్న పదిహేను రోజుల్లో రైలు పట్టాల మీది వంతెనను కాలు కింద పెట్టకుండా ఎక్కేస్తానన్నాను.

"ఏమోయ్, మేడ మెట్లెక్కడానికే రెండుసార్లు ఆగుతావు. వంతెనెక్కుతావా? మళ్ళీ కోతలు మొదలెట్టావూ?"

"ఎక్కితే ఏంటి అన్నయ్యా?"

"ఎక్కితే నీ కోతలన్నీ ఇక నోర్మూసుకుని వింటా. కాలు కింద పెట్టావో, ఏడాదిపాటు చుట్టాల్లో ఎక్కడా ఒక్క కథ చెప్పడానికి వీల్లేదు."

పెళ్ళిపందిట్లోనే కాదు, ఆసుపత్రి వరండాలో కూడా కథ చెప్పకుండా ఉండలేని నాకు ఏడాది మౌనమంటే ఏమిటో మీరే ఊహించండి.

మర్నాడే కొట్టుకు వెళ్ళి, వంగిన హ్యాండిలూ సన్నని టైర్లూ ఉన్న రేసు సైకిలు మీద మనసు పడ్డాను. కొట్టాయన నా పొట్ట వంక మర్యాదగా చూసి, "అది మీకు పడదండీ, నడుం పట్టేస్తది" అని, నిటారుగా కూర్చునేది, కాలు పైకి విసరకుండా ఎక్కగలిగేది, ఏడు గేర్లది ఒకటి చూపించాడు. సోఫాలా దిగిపోయే సీటు కావాలంటే, మెత్తటి సీటు అరగంటలో అసలు రంగు చూపిస్తదని, గట్టిగా ఉన్న వెడల్పాటిదే బిగించాడు. మడమ పెడలు మీద పెట్టించి, కాలు దాదాపు చాపుకునేలా సీటు ఎత్తు సరిచేశాడు.

అంతా బాగానే ఉంది, ఆ గేర్లే నా ప్రాణం తీశాయి. కుడిచేతి పిడి తిప్పితే గేరు మారుతుంది. నేను తిప్పబోయేసరికల్లా ఎడమచెయ్యి తనంతట తానే మీట నొక్కేది, బండి ఆగిపోయేది. సైకిలే మంచిది కాదని మూడోరోజు కొట్టాయనతో దెబ్బలాటకు దిగాను.

"ఎడంచేత్తో అదేందండీ నొక్కుతున్నారు?"

"క్లచ్చయ్యా!"

"క్లచ్చెక్కడిదండీ దీనికి! అది బ్రేకు."

ఆగి మార్చకూడదట, తొక్కుతూనే, పాదాల బరువు కాస్త తగ్గించి మార్చాలట. ఎత్తు మొదలవకముందే గేరు దించుకోవాలట. తెలిసింది గానీ చెయ్యి వినదే! చివరికి ఎడమచేతి మీట సందులో ఒక ఎండుమిరపకాయ ఇరికించాను. నొక్కితే అది చిట్లేది, ఘాటుకు తుమ్ములు వచ్చేవి. పన్నెండు కాయలు ఖర్చయ్యాక చెయ్యి దారికొచ్చింది.

పదిహేనో రోజు ఉదయం మా తోడల్లుడు ఒంగోలు నుంచి మళ్ళీ వచ్చి, వంతెన మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎత్తు మొదలవకముందే రెండో గేరు, సగంలో ఒకటో గేరు. కాళ్ళు కుట్టుమిషనులా తిరుగుతున్నాయి, సైకిలు మాత్రం నత్తలా పోతోంది. ఎడమవేళ్ళు ఒకసారి మీట మీదికి పాకాయి, తిట్టి వెనక్కి లాక్కున్నాను. ముందు మిర్చి బస్తాల లారీ ఒకటి పొగ కక్కుతూ మూలుగుతోంది. దగ్గుకుంటూ, గంట కొట్టుకుంటూ, దాన్ని దాటేశాను!

"దిగవోయ్, గెలిచావులే!" అని అరిచాడాయన.

"దిగనుగాక దిగను!" అంటూ అవతలి వాలు చివరిదాకా జారిపోయాను.

ఇక ఒప్పేసుకుంటాను. మిరపకాయ సంగతి నిజం. వంతెన ఎక్కడమూ నిజం. లారీని దాటడం కూడా నిజమే, కాకపోతే అది మూలగడం లేదు, టైరు పంక్చరై ఓ పక్కన నిలబడి ఉంది. ఈ మాట నేను ఎన్నడూ బయటపెట్టేవాణ్ణి కాదు. మొన్న ఒంగోలు వెళ్ళి ఇదే కథ మళ్ళీ చెబితే, లారీ ఆగి ఉండటం కళ్ళారా చూసిన ఆ మనిషి, పందెం నాటి మాట నిలబెట్టుకుంటూ, "అయ్యుంటుందిలే" అని తలూపాడు. కుర్చీల్లో కూర్చున్న మిగతావాళ్ళూ ఫోన్లలోంచి తలెత్తకుండానే ఊకొట్టారు. నా కథలకు ఇప్పుడు ఎదురే లేదు. "అబద్ధాలాడకు" అని ఒక్కరైనా కసిరితే బాగుండుననిపించింది. ఎవరూ కసరలేదు గనక, నేనే చెప్పేశాను.