కిల్కెన్నీ హోటల్లో డెస్టినేషన్ ఫీజు

2020 వేసవిలో లాక్‌డౌన్ సడలించాక, ఐర్లండ్‌లోని కిల్కెన్నీ ఊళ్లో ఒక హోటల్లో ఫ్రంట్ ఆఫీస్ మేనేజరుగా తిరిగి విధుల్లో చేరాను. రిసెప్షన్, బిల్లులు నా కింద ఉండేవి. జనరల్ మేనేజరుకు ఫిర్యాదులంటే గిట్టదు కాబట్టి అవీ నాకే వచ్చేవి.

గది అద్దెతో పాటు రోజుకింతని డెస్టినేషన్ ఫీజు తీసుకునేవాళ్లం. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లకు ఇచ్చే సదుపాయాల రుసుము అది: ఈతకొలను, సైకిళ్లు, సాయంత్రం పాత వీధుల్లో గైడుతో నడక. గైడు పేరు డెనిస్. అరవై దాటిన మనిషి. ఏ గోడ ఎవరు కట్టారో, ఎవరు పడగొట్టారో కళ్లకు కట్టినట్టు చెప్పేవాడు. అతని జీతం ఆ ఫీజులోంచే వచ్చేది.

హోటల్ తెరిచిన మొదటి వారమే జాగ్రత్త పేరుతో మూడు సదుపాయాలనూ కొట్టేసి ఆ జాబితాను కౌంటరు మీద అంటించాను. ఫీజు మాత్రం ఉంచాను. అది పోతే గైడును తీసేస్తామని జనరల్ మేనేజర్ ముందే చెప్పారు. పనిలేని డెనిస్ రోజూ లాబీలో శానిటైజర్ సీసాలు నింపేవాడు. ఎలా ఉన్నావంటే, బాగున్నానని చెప్పే ఐరిష్ మాట, 'గ్రాండ్' అనేవాడు. కాదని తెలుస్తూనే ఉండేది.

ఆ శనివారం డబ్లిన్ శివారు సిటీవెస్ట్ నుంచి సుజాత అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు భర్తతో, పదేళ్ల కూతురితో వచ్చింది. వాళ్లది గుంటూరట. నేనూ తెలుగువాణ్నని తెలిసి సంతోషించింది. బిల్లు చూసి, "అంకుల్, పూల్ లేదు, వాక్ లేదు అని మీరే రాశారు కదా. మరి ఈ ఫీజు దేనికండీ?" అంది. నిర్వహణ ఖర్చుల పాఠం అప్పజెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఫీజు తీసేస్తే డెనిస్ ఉద్యోగం పోతుంది, ఉంచితే ఇవ్వనిదానికి వసూలు చేసినట్టు.

జాబితాలో గైడు పేరు చూసిన ఆ పిల్ల అచ్చమైన ఐరిష్ యాసలో, "బట్ వీ ఆర్ ఓన్లీ త్రీ. కుడ్ డెనిస్ నాట్ జస్ట్ టేక్ అస్?" అంది.

హోటళ్లకు ప్రభుత్వం పంపిన కోవిడ్ సర్క్యులర్ తీసి మళ్లీ చదివాను. వేర్వేరు ఇళ్లవాళ్లను గుంపుగా తీసుకెళ్లొద్దని ఉంది. ఒకే ఇంటివాళ్లను ఆరుబయట, ఎడంగా నడిపించొద్దని ఎక్కడా లేదు. నేను సగం చదివి, మిగతా సగం భయంతో పూరించుకున్నాను. అన్నేళ్ల సర్వీసు ఉండి చేసిన నిర్వాకం అది.

జనరల్ మేనేజరుకు ఫోన్ చేస్తే, ఒక్క కుటుంబంతో చేసి చూడమన్నారు. ఫిర్యాదు వస్తే ఫీజూ ఉండదు, గైడూ ఉండడని కూడా అన్నారు. డెనిస్ సీసా పక్కన పెట్టి టోపీ తెచ్చుకున్నాడు. గంట తర్వాత తిరిగొచ్చేసరికి, దూరం నుంచి అరిచి చెప్పడంతో అతని గొంతు బొంగురుపోయింది. సుజాత నవ్వుతూ, "రేపు నేవన్ నుంచి మా ఫ్రెండ్స్ వస్తున్నారు, వాళ్లకీ పెట్టండి అంకుల్" అంది.

కొలను, సైకిళ్ల భాగం ఫీజులోంచి తగ్గించాం. ఇంటికొక గంట చొప్పున నడకకు పట్టిక వేశాం. నెలాఖరుకు డెనిస్ ఉద్యోగం నిలిచింది. నాకు పట్టరానంత సంతోషం కలిగింది.

రిటైరయ్యేదాకా ఒక నియమం పాటించాను. ఫీజు తీసుకునే చోట, ఆ రోజు దానికి బదులుగా ఏమిస్తున్నామో పొద్దున్నే రాయాలి. ఏదైనా కొట్టేసేముందు సర్క్యులర్ చివరిదాకా చదవాలి, ఆ గీత కింద ఎవరి ఉద్యోగం ఉందో చూడాలి.