యారాలి గది గోనెకప్పు

పెళ్లయి బోధన్ వచ్చిన మొదటి చలికాలంలోనే మా బావ భార్య, అంటే నా యారాలి గది మీద నా కన్ను పడింది. ఒకటే గూనపెంకల ఇల్లు, నడుమ వాకిలి. దక్షిణం వైపు వాళ్లు, ఉత్తరం వైపు మేము. చెరుకుతోటల మీదుగా వచ్చే గాలి నేరుగా మా గోడకే కొట్టేది. గోడకూ పెంకలకూ మధ్య చెయ్యి దూరేంత సందు ఉండేది.

బావ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పాత గోనెసంచులు తెచ్చి, విప్పి కుట్టించి, పెంకల కింద కప్పులా బిగించి సున్నం వేయించాడు. సందులన్నీ గడ్డి కలిపిన మట్టితో పూడ్చాడు. ఆ గదిలో అడుగు పెడితే ఒళ్లు వెచ్చబడేది. ఏదో వంకతో వెళ్లి, ఆ కప్పు చూసి, కడుపు మండి తిరిగొచ్చేదాన్ని. మా ఆయనతో అంటే, రెండు నెలల చలికి ఇంత హంగామా ఎందుకనేవాడు.

మా ముందర్రలో, అంటే ముందు గదిలో పడుకునే అత్త కూడా ఒకనాడు చాప, బొంత చుట్టుకొని అటే పోయింది. గాలికి ఒంట్లో బొక్కలు, ఎముకలన్నీ గుంజుతున్నాయంది. రోజూ ఆమె కాళ్లకు నూనె రాసింది నేను. నిద్రకు మాత్రం పెద్దకోడలి గది కావాల్సి వచ్చింది.

ఫ్యాక్టరీలో చెరుకు గానుగ ఆడే రోజుల్లో బావకు రాత్రి డ్యూటీ. ఒక పొద్దున, బావ ఇంకా ఇంటికి రాలేదు, ఎండెక్కినా వాళ్ల తలుపు తెరుచుకోలేదు. వెచ్చగా ఉంటే మెలకువ ఎందుకొస్తుందని గొణుక్కుంటూ తలుపు బాదాను. లోపల మూలుగు వినిపించింది. మా ఆయన పైకెక్కి పెంకలు తీసి, కొడవలితో గోనెలు కోసి లోపలికి దిగాడు. గడియ తీయగానే బొగ్గుల వాసన గుప్పుమంది. మంచం పక్కనే కుంపటి. అత్తనూ యారాలినీ ఇద్దరినీ వాకిట్లోకి లాక్కొచ్చాం.

అత్త తల నా ఒళ్లో పెట్టుకొని ముఖాన నీళ్లు చల్లాను. చాలాసేపటికి కళ్లు తెరిచి నన్ను చూసింది.

"పెద్దది ఏది? ముందు దాన్ని సూడుండ్రి" అంది.

చెంబులో మిగిలిన నీళ్లు తీసుకొని యారాలి దగ్గరికి పోయాను.

మధ్యాహ్నానికి ఇద్దరూ తేరుకున్నారు. బొగ్గుల గాలి బయటికి పోయే దారే లేదని డాక్టరు చెప్పాడు. కోసిన చోట బావ కుట్టించి, కప్పు నడినెత్తిన మొగురం దగ్గర గాలిపోయే రంధ్రం వదిలాడు. కుంపటి వాకిట్లోకి చేరింది. ఇక అత్త మా వైపు వస్తుందనుకొని ముందర్ర అలికి ఉంచాను. ఆమె రాలేదు. కుంపటి లేకున్నా ఆ గదే వెచ్చగా ఉందట.

అలికిన అర్ర చూసి, నేను అక్క అని పిలిచే యారాలికి సంగతి అర్థమైంది కాబోలు. దబ్బనం, సుతిలి దారం పట్టుకొని వచ్చింది.

"రా చెల్లె, నీ గదికి గూడ కుడుదాం. గా గాలికి ఎట్లుంటున్నవో ఏమో" అంది.

కొన్ని మధ్యాహ్నాలు ఇద్దరం కూర్చొని సంచులు కుట్టాం. ఆమె కుట్టు దారం పట్టి గీసినట్టు పోయేది. నాది వంకర. అదీ మనసుకు కష్టంగానే ఉండేది నాకు. మా ఆయన కప్పు బిగించి, గాలికి దారి వదిలి, గోడ సందులు పూడ్చాడు. చూడ్డానికి అత్త వచ్చింది. తలెత్తి చాలాసేపు చూసింది.

"పెద్దదాని కుట్టు ఎంత సక్కగున్నదే" అంది.

అక్క నవ్వింది. నేను కింద పడిన సుతిలి ముక్కలు ఏరుతూ ఉండిపోయాను.