పైడి అత్త వైర్‌లెస్ పరీక్ష

మా చిన్నప్పుడు... బచేలిలో ఇనుపరాయి గని కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. పాలవాడి సైకిల్ బెల్లు కంటే ముందే మా చెవిన పడేది బజర్ మోత. డా-డిట్-డిట్... డిట్-డా...

మా నాన్న చెల్లెలు పైడి అత్త వంటగది గట్టు మీద మోర్స్ కీ పెట్టుకుని సాధన చేసేది. పొట్టి, పొడుగు మోతలతో అక్షరాలు పంపడానికి చిన్న చెక్కకు బిగించిన ఇత్తడి మీట అది. ఓడలకు, రేవులకు వైర్‌లెస్‌లో కబుర్లు పంపే ఆపరేటర్ కావాలంటే లైసెన్సు ఉండాలి. అత్త విశాఖలో ఆ కోర్సు పూర్తిచేసి, పరీక్ష ముందు చదువుకోవడానికి మా ఇంటికొచ్చింది.

నాకప్పుడు పదేళ్లు. నేను ఇంగ్లిష్ వాచకంలోంచి ఒక్కో అక్షరం చదివితే అత్త దాన్ని కీ మీద కొట్టేది. గని నుంచి వచ్చే ఎర్రదుమ్ము గంటకోసారి ఆ కీ మీద పేరుకునేది... నా గౌను అంచుతో తుడిచేదాన్ని.

అత్త వేళ్లు పరుగెత్తేవి. మాట మాత్రం పరుగెత్తేది కాదు.

అత్తకు నత్తి. ‘ప’ దగ్గరకు వచ్చేసరికి గొంతు బిగుసుకుపోయేది. సొంత పేరు చెప్పుకోవడమే కష్టం... ఆ పరీక్షలోనేమో మైకు ముందు మాట్లాడే భాగం కూడా ఉంది. వైర్‌లెస్‌లో అక్షరాలను ఊరికే ఏ, బీ అనకూడదు. ఆల్ఫా, బ్రావో అనాలి. ‘పీ’ అక్షరానికి పాపా.

“పా... పా...” మెడ నరాలు తేలేవి. కళ్లలో నీళ్లు నిండేవి.

“ఇంకోసారి అత్తా” అన్నాను ఒకరోజు.

పుస్తకం బోర్లా పెట్టేసింది. “ఓడ మునిగిపోతందనుకోయే... నాను ‘ప, ప’ అంటా కూకుంటే ఆళ్ల గతేటి? నాలాంటిదానికి లైసెన్సు ఇవ్వొచ్చేటి?”

ఆ రోజు నుంచి నాకూ అన్నం సయించలేదు. బడిలో హాజరు పిలుస్తుంటే అందరూ “ప్రెజెంట్” అని ఎంత తేలిగ్గా అనేవాళ్లో! నాకు ఒళ్లు మండేది.

నాన్న మాత్రం, “సదువు రానోళ్లు భయపడాల. నీకొచ్చు కదమ్మా” అనేవాడు. అంటూనే చేతిలో టీ గ్లాసు సంగతి మరిచిపోయేవాడు... టీ చల్లారిపోయేది.

పరీక్ష హైదరాబాద్‌లో. “ఇది పక్కనుంటే నాకు దైర్నం అన్నయ్యా” అని అత్త అంటే నన్నూ బయల్దేరదీశారు. కిరండూల్ పాసింజరులో విశాఖ, అక్కడ హైదరాబాద్ బండి మారాలి. మా బండి ఇనుపరాయి గూడ్సులకు దారి ఇస్తూ ప్రతి స్టేషన్లోనూ ఆగింది. ఒకచోట గంటన్నర కదల్లేదు. నాన్న వాచీ చూసి చూసి, విప్పి జేబులో పడేసుకున్నాడు. అత్త కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది... ఉన్నట్టుండి పెదాలు ఆగిపోయేవి. ఎక్కడ ఆగాయో నాకు తెలుసు.

విశాఖలో పరుగెత్తుకెళ్లి ఎక్కాం. నా చెప్పు ఒకటి ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది.

మర్నాడు మోర్స్ పరీక్ష బాగానే అయింది. మధ్యాహ్నం మాట్లాడే పరీక్ష... ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. మేము బయట బెంచీ మీద. తలుపు ఓరగా తెరిచి ఉంది. నెరిసిన జుట్టాయన కాగితం మీద ఓడ పేరు చూపించి, ఆ పేరు అక్షరం అక్షరంగా చెబుతూ, ఆ ఓడ ఆపదలో ఉన్నట్టు కబురు పంపమని హిందీలో చెప్పాడు. ఆ పేరు ‘పద్మిని’ అని మాకు తర్వాత తెలిసింది.

“మేడే, మేడే, మేడే...” ఆపదలో ఉన్నామని చెప్పే ఆ పిలుపు అత్త గొంతులో స్పష్టంగా వచ్చింది. తర్వాత, “పా...”

అంతే. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నా భుజం మీద నాన్న చెయ్యి బిగుసుకుంది.

“ఐ సే అగైన్.”

అత్త గొంతే. మాట సరిగ్గా చేరలేదనుకుంటే, మళ్లీ చెబుతున్నాను అనడానికి వైర్‌లెస్‌లో వాడే మాట అది. ఎవరైనా అనొచ్చు, ఎన్నిసార్లైనా అనొచ్చు. అత్త మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది.

“ఐ సే అగైన్.”

“పాపా. ఆల్ఫా. డెల్టా...” ఒక్కో మాటా విడివిడిగా, తొందర లేకుండా, కబురు చివరిదాకా చెప్పేసింది.

ఆయన మెచ్చుకోలేదు, విసుక్కోలేదు. “నెక్స్ట్” అన్నాడు.

అత్త బయటికి వస్తూనే గోడకు ఆనుకుంది. “పోయిందన్నయ్యా... రెండుసార్లు ఆగిపోయినాను.”

“రెండుసార్లూ మళ్లీ మొదలెట్టినావు కదేటి” అన్నాడు నాన్న.

ఆ తర్వాత ఎదురుచూపులు... పోస్ట్‌మ్యాన్ మా వీధి మలుపు తిరిగితే చాలు, అత్త పెరట్లోకి వెళ్లిపోయేది. చివరికి ఒకరోజు కవరు వచ్చింది. నాన్న చింపి, రెండుసార్లు చదివాడు. ఏమైందని అడగడానికి అత్తకు నోరు రాలేదు. నేనే అడిగాను.

నాన్న ఆ కాగితం అత్త చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం అత్త మా క్వార్టర్ల లైనులో ప్రతి ఇంటికీ వెళ్లి, తెలుగువాళ్లకు తెలుగులో, మిగతావాళ్లకు హిందీలో తనే చెప్పింది. “ప... ప... పాసైనాను!” ప్రతి గుమ్మంలోనూ ఆగింది. ప్రతి గుమ్మంలోనూ నవ్వింది. అత్త నత్తిగా మాట్లాడుతూ నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఓడ ఎక్కే అవకాశం రాలేదు గానీ, రిటైరయ్యేదాకా విశాఖ రేవులో ఓ వైర్‌లెస్ గదిలో పనిచేసింది.

ఇప్పుడు మా పిల్లలు చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గది తలుపేసుకుని చదువుకుంటున్నారు. పరీక్ష ఎప్పుడో, ఫలితం ఎప్పుడో ఫోన్‌లో వాళ్లే చూసుకుంటారు. వాళ్ల భయం మా దాకా రాదు... ఒక్కరి పరీక్షకు ఇల్లంతా వణికిన ఆ రోజులే నయమేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

మీ ఇంట్లో ఎవరి పరీక్షకు మీకు అన్నం సయించలేదు? చెప్పండి... వాళ్లు గట్టెక్కారా?