ఇండియాను తిట్టిన నాగులమ్మ

చంద్రగిరిలో నాగులమ్మ ఎవరని అడిగితే, ఏ నాగులమ్మ అని ఎదురు అడుగుతారు. ఫుట్‌బాల్ నాగులమ్మ అంటే మాత్రం నవ్వి కోట వైపు చెయ్యి చూపిస్తారు. కోట కింద మైదానం ఉంది. దాని గేటు లోపల ఒక కానుగ చెట్టు ఉంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఆ చెట్టు నీడలో ఉడకబెట్టిన శనక్కాయల గంప ముందు పెట్టుకుని కూర్చునే మనిషే నాగులమ్మ. అరవై దాటిన వయసు, బక్క ప్రాణం. గొంతు మాత్రం ఊరవతలికి వినిపిస్తుంది. ఆట గురించి ఆమెకు తెలిసింది తక్కువ. ఆఫ్‌సైడ్ అనేదాన్ని ఈ రోజుకీ ఒప్పుకోదు. "ముందుకు పోయినోళ్ళది తప్పంటే ఇంగ ఆట దేనికప్పా" అంటుంది. ఆమె పని అది కాదు కూడా. అవతలి జట్టును తిట్టడం ఆమె పని.

తిట్టడమంటే నోటికొచ్చింది వాగడం అనుకునేరు. గంగమ్మ జాతర జరిగే సీమ ఇది. జాతర రోజుల్లో నోరారా తిట్టడం అమ్మవారికి మొక్కు చెల్లించుకోవడమే. తిట్టు పడ్డవాడు కోపం తెచ్చుకోకూడదు, తిట్టినవాడు మనసులో పెట్టుకోకూడదు. ఆ విద్య నాగులమ్మకు తల్లి నుంచి వచ్చింది. దాన్ని ఆమె ఫుట్‌బాల్‌కు మళ్ళించింది, అంతే. కట్టుబాట్లు కూడా పెట్టుకుంది. కాలు విరగాలని అనకూడదు. కడుపునూ కన్నతల్లినీ కులాన్నీ ఎత్తకూడదు. బూట్లనూ బుర్రనూ బంతినీ ఏమైనా అనొచ్చు. "నీ బూట్లు ఎలకలు కొరకను", "నువ్వు బంతిని ఎతుకుతా ఉండావా, సంతలో తప్పిపోయిన బర్రెను ఎతుకుతా ఉండావా" అని మొదలుపెట్టిందంటే అవతలివాళ్ళకు నవ్వొచ్చి కాలు తడబడుతుంది. మొదట్లో పాకాల జట్టు వాళ్ళు గొడవ చేశారు. తర్వాత తర్వాత, నాగులమ్మ తిట్టకపోతే తమను లెక్కలోకి తీసుకోలేదని చిన్నబుచ్చుకునే జట్లు తయారయ్యాయి.

ఇదంతా మొగుడు కుప్పయ్య వల్ల వచ్చిన సంబడం. పగలంతా మట్టి పని చేసి సాయంత్రం వట్టి కాళ్ళతో కోట క్లబ్బు తరఫున ఆడేవాడు. ఒకసారి అవతలివాడు కాలు అడ్డం పెట్టి పడేస్తే, రెఫరీ ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. మొగుడికి సద్ది తెచ్చిన నాగులమ్మ నోరు ఆ రోజు తెరుచుకుంది. కుప్పయ్య పోయి చాలాకాలమైంది. క్లబ్బు మగపిల్లలంతా తడ వైపు ఫ్యాక్టరీల షిఫ్టులకు పోయారు. వాళ్ళు వదిలేసిన పసుపు చొక్కాలు ఆడపిల్లలు తొడుక్కున్నారు. ఇప్పుడు గోల్లో నిలబడేది నాగులమ్మ మనవరాలు అమల. నాగులమ్మ కూతురు, అంటే అమల వాళ్ళ అమ్మ, ఏబెల్ అనే మేస్త్రీని చేసుకుని చర్చికి పోతుంది. నాగులమ్మ గంగమ్మ గుడికి పోతుంది. ఆదివారం పొద్దున ఎవరి దోవ వారిదే. సాయంత్రం మాత్రం ఇంటిల్లిపాదీ కోట క్లబ్బే.

అలాంటి ఊరికి ఒక కబురు వచ్చింది. ఏర్పేడు దగ్గర ఒక కాలేజీలో ఇండియా ఆడపిల్లల జట్టు, అంటే ఇరవై ఏళ్ళలోపు వాళ్ళది, శిక్షణకు దిగింది. వాళ్ళు కోట క్లబ్బుతో ఒక ఆట ఆడతారట. అందులో ఐశ్వర్య ఉంది. ఐశ్వర్య ఈ ఊరి పిల్లే. మొన్నటిదాకా పసుపు చొక్కాతో ఇదే మన్నులో పొర్లిన పిల్ల. ఇప్పుడు దేశం చొక్కా వేసుకుంది. ఇక ఊరు ఊరుకుంటుందా. బస్టాండు నుంచి కోట దాకా ఐశ్వర్య ఫ్లెక్సీలు కట్టారు. జెండాలు అమ్మేవాడికి తిండి తినే తీరిక లేదు. పాపం, కోట క్లబ్బు పిల్లలు కూడా అదే రోజు ఆడుతున్నారన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ముందు రోజు సాయంత్రం క్లబ్బు కార్యదర్శి గిరిప్రసాద్ నాగులమ్మ ఇంటికి వచ్చాడు. పెయింట్ల కొట్టు నడుపుతాడు. సొంత డబ్బులతో పిల్లలకు బూట్లు కొనిపెట్టే మనిషి, చెడ్డవాడని అనలేం.

"నాగులమ్మా, రేపు పెద్దోళ్ళు వస్తా ఉండారు. ఈ ఒక్క పొద్దు నోరు కట్టేసుకో."

"మన పిల్లోళ్ళ తరఫున ఎవురు అరుస్తారప్పా మరి?"

"ఎవురి తరఫున అరిస్తే ఏముందిలే. రెండు జట్లూ మనవే గదా."

"రెండూ మనవే అయితే జెండాలన్నీ ఒకదానికే తెచ్చినారు ఎందుకు?"

గిరిప్రసాద్‌ బండి తాళం తీశాడు. జవాబు తట్టనప్పుడు మనుషులకు కోపం వస్తుంది. "దేశాన్ని తిడితే బాగుండదు, చెప్తా ఉండా. నోరు తెరిస్తే మాత్రం ఇంగ గేటు లోపల గంప పెట్టనీను" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

శనక్కాయలు ఏ బడి ముందైనా అమ్ముకోవచ్చు. కానీ ఆ కానుగ చెట్టు కింద నుంచి చూస్తే గోలు ఎదురుగా కనిపిస్తుంది. వారమంతా నాట్లకూ కలుపులకూ వంగిన నడుము ఆ సాయంత్రం కోసమే నిటారు అవుతుంది. అది పోతే ఆమెకు మిగిలేది పనీ నిద్రా. అందుకే ఊరుకుందామనే అనుకుంది. అమల చేతి గ్లౌజులు కుట్టుకుంటూ అంతా విన్నది.

"మా క్లాసు పిల్లోళ్ళంతా జెండాలు కొనుక్కున్నారవ్వా. మా నాయన కూడా కొన్నాడు" అంది. దారం తెంపి, "రేపు మా తరఫున ఎవురూ ఉండరు గదా" అంది.

నాగులమ్మ ఆ మాట విననట్టు శనక్కాయలు కడుగుతూ కూర్చుంది.

ఆట రోజు జనం గోడలెక్కి కూర్చున్నారు. ఎటు చూసినా మూడు రంగులే. పసుపు రంగు మైదానంలో ఉన్న పిల్లల ఒంటి మీద తప్ప ఇంకెక్కడా లేదు. నాగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇండియా మొదటి గోలు కొట్టింది. ఊరంతా ఎగిరి గంతేసింది. రెండోది కొట్టింది. ఊరు ఈలలు వేసింది. ప్రతిసారీ అమల వల లోంచి బంతి తీసుకుంటూ జనం వైపు చూసేది. ఆ చిందులేసేవాళ్ళంతా ఆ పిల్లకు తెలిసినవాళ్ళే. పాలు పోసేవాడు, టైలరు, పక్కింటి అత్త. మూడో గోలుకు ఏబెల్ కూడా జనంతో పాటు లేచి జెండా ఊపేశాడు. ఊపాక కూతురు గుర్తొచ్చి టక్కున కూర్చున్నాడు. అమల అది చూసింది. నాగులమ్మ కూడా చూసింది. కొంగు జారిపోయింది.

"ఏమ్మే ఆరో నంబరూ, నీ బూట్లకు బూజు పట్టను. ఆ పరుగేంది, పెండ్లి ఇంట్లో అప్పడం ఎత్తుకోని పారిపోతా ఉండావా?"

ఆరో నంబరు పిల్లది ఎక్కడో ఈశాన్యాన కొండల్లో ఊరు. తెలుగు ముక్క రాదు. ముసలామె తనకేసి చెయ్యి ఊపుతూ అరుస్తుంటే దీవిస్తోందనుకుంది. ఆగి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. నాగులమ్మ పదో నంబరును తిట్టి చూసింది. ఆ కేరళ పిల్ల గాలిలో ముద్దు విసిరింది. జన్మలో ఇంత అవమానం ఆమెకు ఎన్నడూ జరగలేదు. ఆ జట్టు మొత్తంలో తన తిట్టు అర్థమయ్యే మనిషి ఒకే ఒక్కటి ఉంది. ఆ ఒక్కటీ ఐశ్వర్య.

ఐశ్వర్యను ఎట్లా తిట్టేది. చెట్టు కింద కూర్చోబెట్టి ఆ పిల్లకు జడ వేసింది తను. దోక్కుపోయిన మోకాలికి పసుపు అద్దింది తను. ఆ పిల్ల తరఫున ఎన్ని జట్లను తిట్టిందో లెక్కే లేదు. ఆ సమయానికే రెఫరీ ఇండియాకు పెనాల్టీ ఇచ్చాడు. బంతి పెట్టుకుని ఐశ్వర్య నిలబడింది. "ఇండియా, ఇండియా" అని ఊరు ఊరంతా ఒక్క గొంతు అయింది. గోల్లో అమల ఒక్కతే. ఆ పిల్ల కానుగ చెట్టు వైపు చూసింది.

నాగులమ్మ గంప పక్కకు నెట్టి లేచింది.

"ఏమ్మే ఐశ్వర్యా. ఈ గోల్లోనే గదా మే బంతి తన్నేది నేర్చుకుంటివి. ఈ మన్నులోనే గదా పడి లేస్తివి. నీలం చొక్కా ఏసుకోంగానే మా పిల్ల కంటికి ఆనలేదా? నీ బంతికి దోవ తప్పను. అది పోయి ఆ కోట గోడెక్కి కూచోనీ. నీ జట్టంతా నిచ్చెనేసుకోని దాన్ని దించుకుంటా కూచోనీ."

ఐశ్వర్య భుజాలు అదరడం అందరికీ కనిపించింది. నవ్వో ఏడుపో తెలియదు. పరుగెత్తి తన్నింది. బంతి గోలు మీదుగా లేచి, జనం మీదుగా లేచి, కోట బండల్లోకి పోయి పడింది. అమల మోకాళ్ళ మీద కూలబడి రెండు పిడికిళ్ళూ పైకెత్తింది.

తర్వాత లేచింది గోల. ముసల్ది దేశాన్ని తిడతా ఉండాదని ఒకడు, బయటికి తోసేయమని ఒకడు. గిరిప్రసాద్ ఎర్రబడిన మొహంతో మైకు పట్టుకుని వచ్చాడు. వెనక కుర్చీల్లో పెద్దమనుషులు చూస్తున్నారు.

"తప్పయిపోయినాదని మైకులో చెప్పు. చెప్తే ఈడికి సరి. లేదంటే సంగతి తెలుసు గదా."

నాగులమ్మ మైకు అందుకుంది. కానుగ చెట్టు వైపు ఒకసారి చూసుకుంది. ఆ చెట్టు కింద ఇదే ఆఖరని ఆమెకు తెలుసు.

"అబ్బలారా, ఆ చొక్కా మింద నాకేం కోపం లేదు. వాళ్ళు ఇంకో దేశం మింద ఆడే రోజు రాండి, ఆ దేశాన్ని మీకంటే ముందు నేను తిడతా, గొంతు పగిలేదాకా తిడతా. ఈ పొద్దు వాళ్ళు ఆడేది ఇంకో దేశం మింద కాదు. నా మనవరాలి మింద. మీ పిల్లోళ్ళ మింద. ఆ జట్టుకు అరిసేదానికి దేశంలో ఊర్లు ఊర్లు ఉండాయి. ఈ పదకొండు మందికి ఉండేది ఈ ఒక్క ఊరే. అది కూడా అటు పక్కకే పోయి కూచుంటే, ఇంగ వీళ్ళు యాడికి పోవాల? ఐశ్వర్యను ఆ చొక్కా దాకా మోసినాది ఈ పసుపు చొక్కానే గదప్పా. నేను తప్పు చేయలేదు. తప్పయిపోయినాదని చెప్పను."

మైకు గిరిప్రసాద్ చేతిలో పెట్టి, "ఇంగ ఆట ఆడించు నాయనా" అంది.

ఊరు మారిపోయిందని చెబితే అబద్ధం అవుతుంది. చాలామంది మొహం తిప్పుకున్నారు. కొందరు గొణిగారు. ఏబెల్ మాత్రం లేచి నిలబడ్డాడు. జెండాను జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, చర్చిలో పాడే ఆ లావు గొంతుతో "అమలా, నాయన ఈడే ఉండాడమ్మా" అని కేక వేశాడు. ఆ వెనక టైలరు అరిచాడు. ఆడవాళ్ళు కొందరు అరిచారు. ఆట ఇండియాదే అయింది, కాక ఏమవుతుంది. చివరి గోలు ఐశ్వర్యే కొట్టింది. అందంగా కొట్టింది. నాగులమ్మ దానికీ తిట్టింది.

ఆట అయ్యాక ఐశ్వర్య నేరుగా చెట్టు దగ్గరికి వచ్చి గంపలోంచి గుప్పెడు శనక్కాయలు తీసుకుంది.

"నీ వల్ల పెనాల్టీ పోయినాదవ్వా. మా సార్ నన్ను తిట్టినాడు."

"మీ సార్‌కు తిట్టేది చాతనవునా?"

"చాతకాదవ్వా. ఉత్త అరుపే" అని ఐశ్వర్య కళ్ళు తుడుచుకుంది.

గిరిప్రసాద్ మాట తప్పలేదు. మాటంటే మాటే ఆయనకు. మరుసటి ఆదివారం గేటు దగ్గర మనిషిని పెట్టి నాగులమ్మను ఆపించాడు. బతిమాలుకుంటుందని ఎదురుచూశాడేమో. నాగులమ్మ గంప నెత్తిన పెట్టుకుని మైదానం చుట్టూ తిరిగి, గోలు వెనక గోడ అవతల, తారురోడ్డు అంచున ఎండలో కూర్చుంది. ఆ రోజు పుత్తూరు పిల్లలతో ఆట. గోడ ఎత్తుకు లోపల ఏమీ కనిపించదు. విజిల్ వినబడింది, బంతి తన్నిన చప్పుడు వినబడింది. ఎవరిని తిట్టాలో తెలియక నాగులమ్మ గోడకు చెవి ఆనించింది.

అప్పుడు లోపల, గోల్లో నుంచి అమల గొంతు పెద్దగా వినిపించింది.

"అవ్వా, తొమ్మిదో నంబరు. రెండు జడలు. నా మిందికే వస్తా ఉండాది."

నాగులమ్మ కొంగు నడుముకు చుట్టి లేచి నిలబడింది.

"ఏమ్మే రెండు జడలదానా" అని గోడ మీదుగా అందుకుంది.