మాకు వీపు తిప్పి కూచునే మేడం

మా మేడం పోయిందని నాకు ఫోన్ చేసి చెప్పింది ఆమె చెల్లెలు. ఆ చెల్లెల్ని మేమందరం చిన్నమ్మ అని పిలుస్తాం. పొద్దున్నే బస్టాండులో యూనివర్సిటీ బస్సు కోసం నిలబడి ఉన్నాను. "అక్క లేదు పాపా. కాఫీ కలిపి తెచ్చేలోపల పోయింది. గుండె ఆగిపోయింది," అనింది చిన్నమ్మ. బస్సు వచ్చింది, పోయింది. పక్కన నిలబడిన పెద్దాయన ఎవరో "ఏమ్మా, ఎక్కలేదే?" అన్నాడు. "మా మేడం పోయిందప్పా," అన్నాను. ముక్కూ మొహం తెలియని మనిషికి మొట్టమొదట చెప్పుకున్నాను. ఆయప్ప చేతిలో సంచి కింద పెట్టి, నా పక్కనే కాసేపు ఊరికే నిలబడినాడు.

అంతలో మా డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గుంపులో సంతాపాలు మొదలైనాయి. "మృదుభాషి, నిరాడంబర మూర్తి, విద్యార్థుల పాలిట కల్పవృక్షం" అని ఒకరు పెట్టినారు. ఇంకొకరివీ అవే మాటలు, కొంచెం అటూ ఇటూ. మూడో ఆయనదీ అదే. ముగ్గురూ ఫోన్లో ఉండే ఏఐని అడిగినట్టుండారు, అది ముగ్గురికీ ఒకే కూర వడ్డించింది. మృదుభాషి అంట! మా మేడం పై అంతస్తులో పాఠం చెప్తే కింద క్యాంటీన్లో టీ కాచే మనిషి కూడా వింటాండె. ఆ ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. ఆ మెసేజి చూసుంటే ఏమనేదో కూడా నాకు తెలుసు. "పోయి మా వీధోళ్ళ ముందర చదవండ్రా ఇది. నవ్వకుండా ఎంతమంది కూచుంటారో నేనూ చూస్తా."

అందుకే ఈ నాలుగు మాటలు నేనే కూచుని రాస్తున్నాను. బాగుంటే బాగుంటాయి, లేకుంటే లేదు.

ఆమె మా యూనివర్సిటీలో గ్రామీణాభివృద్ధి చెప్పేది. నేను ఆమె దగ్గర ఎమ్మే చదివి, తర్వాత అదే డిపార్ట్‌మెంట్లో ఆమె పక్క గదిలోనే పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయినాను. ఆమెది ఒక పద్ధతి ఉండింది. ఇంకెక్కడా నేను చూడలేదు. పల్లెల మీద ప్రాజెక్టు రాసే పిల్లలు, దాన్ని డిపార్ట్‌మెంటులో ఇచ్చే ముందు, ఎవరి గురించి రాసినారో ఆ ఊరికే పోయి ఆ మనుషుల ముందర చదవల్ల. రాసింది ఇంగ్లీషులో ఉండనీ, కన్నడలో ఉండనీ, చదివేటప్పుడు మాత్రం ఊరోళ్ళు మాట్లాడే మాటలోనే చెప్పల్ల. రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉండే మా పక్క పల్లెల్లో ఆ మాట అంటే సగం తెలుగు, సగం కన్నడ, ఇంత సంత ఉర్దూ.

మేడం కూడా మాతో బస్సెక్కి వచ్చేది. ఎవరింటి ముందరో అరుగు కట్ట మీద జనం కూచుంటే, ఆమె ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెప్పించుకుని, చదివే పిల్లకు వీపు తిప్పి, జనం వైపు మొహం పెట్టి కూచునేది. నా వంతు గనుల పక్కనుండే తారానగర్‌లో వచ్చింది. గనుల లారీలు తోలే వాళ్ళ ఇండ్ల గురించి రాసినాను. చదవబోతే ఎదురుగా ఆమె వీపే కనిపించింది.

"మేడం, ఇటు తిరగరా?" అని అడిగినాను.

"నిన్ను చూసేదేముంది పాపా? నీది నేను చదివినా కదా. ఇప్పుడు వాళ్ళ మొహాలు చూడల్ల నేను," అనింది.

"సామాజిక ఆర్థిక స్థితిగతులు" అని నేను మొదలుపెట్టగానే ముందు వరసలో ముసలమ్మ నిద్రపోయింది. బస్సులో మేడం ఒకటే మాట అనింది. "ఆయమ్మ గురక కూడా మార్కులేసినట్టే. తిరిగి రాయి." తిరిగి రాసినాను. రెండోసారి పోయినప్పుడు అదే ముసలమ్మ మధ్యలో ఆపి, "దుమ్ము గురించి చెప్తివి, మావోడు ఇంటికి రాని దినాల గురించి యాల చెప్పవు?" అని నాతో పోట్లాటకు దిగింది. మేడం వీపు ఊగుతా ఉండింది. నవ్వుతాండాదని అర్థమైంది నాకు.

ఏఐ వచ్చినాక, పాతకాలం మనిషి కదా, తిట్టుకుంటుందేమో అనుకున్నారు అందరూ. ఆమెకంత తీరిక లేదు. కంటి ఆపరేషన్ అయినప్పుడు పిల్లల పేపర్లు ఫోనుకిచ్చి పైకి చదివించుకుని వినేది. "బాగా చదువుతాండాది ముండాది, మీ అందరికంటే," అని మెచ్చుకునేది కూడా. స్టాఫ్ రూములో ఎవరైనా, ఇంక రాత పోయింది, చదువు పోయింది అని మొదలుపెడితే ఊరుకునేది కాదు. "మిక్సీ వచ్చింది, రోలు పారేస్తిరి. చట్నీ తినేది మానేస్తిరా? ఉప్పు చాలిందో లేదో మిక్సీని అడుగుతారా, నాలిక మీద వేసుకుంటారా? అంతే ఇదీనూ."

ఒక ఏడు ముగ్గురు మొగపిల్లలు హచ్చొళ్ళి అనే ఊరి వరి రైతుల మీద ప్రాజెక్టు మొత్తం ఏఐతో రాయించుకొచ్చినారు. ఊరికి పోకుండానే. చదివే దినం మాత్రం పోక తప్పలేదు. "గనుల ఎర్ర దుమ్ము పడి హచ్చొళ్ళి వరి పైర్లు దెబ్బతింటున్నాయి. వానలు లేక రైతులు వలస పోతున్నారు" అని ఒకడు బ్రహ్మాండంగా చదివినాడు. మన జిల్లా పేరు చెప్తే దానికి తెలిసింది గనులూ కరువే కదా పాపం, ఉన్నదంతా తెచ్చి హచ్చొళ్ళి నెత్తిన పోసింది. కట్ట మీద నవ్వులు చెప్పనలవి కాదు. "ఏందప్పా, గనులుండే సండూరు యాడ, మా హచ్చొళ్ళి యాడ? ఆ దుమ్ము బస్సెక్కి వచ్చిందా ఏంది?" అని ఒకాయన. "మాది కాలవ నీళ్ళప్పా. అవి ఎప్పుడు వస్తాయో తెలీకపోవడమే మా రోగం. అది రాసినావా?" అని ఇంకొకాయన.

ఇంక మేడం వీళ్ళ తోలు తీస్తుంది అనుకున్నాను. తీయలేదు. కుర్చీలోనుంచి తిరక్కుండానే, "ఊ, అడగండి ఇప్పుడు. చెప్తాండారు కదా, రాసుకోండి," అనింది. సాయంత్రం దాకా అడిగినారు. ఊరోళ్ళు అన్నం కూడా పెట్టినారు. రాసుకొచ్చిన దాన్ని ఏఐతో దిద్దించుకోవచ్చా అని బస్సులో భయం భయంగా ఒకడు అడిగితే, "దిద్దించుకో నాయనా. ఇప్పుడు మీ దగ్గర సరుకుండాది," అనింది. ఆ ముగ్గుర్లో ఒకడు ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్లోనే పీహెచ్‌డీ చేస్తున్నాడు, కాలవ నీళ్ళ మీదే.

మేడంలో అంతా మంచే అని చెప్తే అది నాకూ ఏఐ రాసిచ్చినట్టే అవుతుంది. ఆమెకు కోపం జాస్తి. నేను చదివే కాలంలో ఒక పిల్లోడి ప్రాజెక్టు, నకలు కొట్టినావని క్లాసు ముందర చించి పారేసింది. వాడు కొట్టలేదు. వాడిదే చూసి ఇంకొకడు కొట్టినాడని తర్వాత తెలిసింది. వాడు మళ్ళీ క్లాసుకు రాలేదు. మేడం వాళ్ళ ఊరికి పోయింది, ఇంటి ముందర నిలబడింది. వాడు బయటికి రాలేదు. చదువు అక్కడితో నిలిచిపోయింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఒకే ఒకసారి నాతో మాట్లాడింది. అది ఎప్పుడో ఇప్పుడు చెప్తాను.

రిటైరైనాక కూడా ఆమె గెస్టు లెక్చరరుగా వస్తా ఉండింది. ఆ టైములో మా దగ్గరికి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. పిల్లల రాత అందులో వేస్తే, మనిషి రాసిందైతే పచ్చగా, ఏఐ రాసిందైతే ఎర్రగా చూపిస్తుంది అని చెప్పినారు. మోక అనే పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ప్రాజెక్టు మొత్తం ఎర్రగా వచ్చింది. ఆ పిల్ల ఇంగ్లీషు నేర్చుకున్నది పాఠ్యపుస్తకాల్లోనుంచి, ఒక్కొక్క వాక్యం ఇస్త్రీ చేసినట్టు రాస్తుంది. అదే ఆమె కొంప ముంచింది. ప్రాజెక్టు కొట్టేస్తే ఏడాది పోతుంది, ఏడాది పోతే ఇంట్లో మళ్ళీ పంపరు.

"నేనే రాసినాను మేడం," అని ఏడుస్తా నిలబడింది. మా హెడ్ సారు చెడ్డోడు కాదు. "నేనేం చేసేది మేడం? స్క్రీన్ మీద ఎర్రగా వస్తాండాది. కమిటీ ముందర పెట్టక తప్పదు," అన్నాడు.

ఆ సాయంత్రం మెట్లు దిగేటప్పుడు మేడం నా చెయ్యి పట్టుకుని ఆగింది. "ఆ పిల్లోడి కాగితాలు చించిన దినం నేను కూడా ఇట్లనే చేసినా పాపా. ఒకసారి చూసినా, ఆ మిషన్ మాదిరే ఎర్ర అన్నా, అయిపోయింది. ఇంకొకసారి చూస్తా ఊరుకోను," అనింది. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

మరునాడు హెడ్ సారు గదిలోకి పోయి, మళ్ళీ మామూలు గొంతుతోనే చెప్పింది. "కమిటీ కూచునే ముందు మోకలో ఆ పిల్లతో చదివిద్దాం. మీరూ రావల్ల సారూ. ఎవరు రాసినారని ఆ మిషన్ని అడిగేది ఆపి, రాసినదానికి ఎవరు నిలబడతారో కండ్లతో చూద్దురు రండి."

మోకలో ఆ అమ్మాయి పెదనాయన ఇంటి ముందర కట్ట మీద కూచున్నారు అందరూ. పెద్ద సేద్యం ఇల్లు వాళ్ళది. ఆడవాళ్ళు వాకిట్లో, గడప దగ్గర. మేడం కుర్చీ తిప్పుకుని కూచుంది. పక్కన ఇంకో కుర్చీ వేయించి హెడ్ సారునూ అట్లే కూచోబెట్టింది. పిల్ల చదవడం మొదలుపెట్టింది. పత్తి, మిరప, కూలోళ్ళు దొరకని కష్టం, అన్నీ చెప్తా ఉంటే జనం తలలూపుతా ఉన్నారు. అప్పుడొచ్చింది ఆ మాట. "మా ఊర్లో చానా ఇండ్లలో పొలం కాగితాల మీద ఆడోళ్ళ పేరుండాది. ఆ పొలంలో ఏం పెడదామని మాత్రం ఆడోళ్ళను ఎవురూ అడగరు."

పెదనాయన చెయ్యెత్తి ఆపినాడు. "పాపా, మిగతాదంతా బాగుండాది. ఆ మాటొక్కటి తీసెయ్. బయటోళ్ళు చదివితే మన గురించి ఏమనుకుంటారు?"

ఆ పిల్ల ఆ వాక్యం మీద వేలు పెట్టి పట్టుకుంది. మా హెడ్ సారు వెనక్కి తిరిగి చూసినాడు. మేడం తిరగలేదు.

"తీయను పెదనాయనా," అనింది ఆ పిల్ల.

"ఎవురు చెప్పినారే నీకు ఇవన్నీ?"

"మా అమ్మ చెప్పింది. పెద్దమ్మ చెప్పింది. ఈ వీధిలో ప్రతి ఇంటికీ పోయి అడిగినా. పోయిన ఏడు పెద్దమ్మ మిరప పెడదామంటే నీకేం తెలుసునన్నావంట. ఆ పొలం పెద్దమ్మ పేరు మీదనే కదా పెదనాయనా ఉండేది?"

గడప దగ్గరనుంచి పెద్దమ్మ గొంతు వచ్చింది. "సుమ్మనుండప్పా, అడ్డం రావద్దు, పిల్ల చదువుతాండాది కదా. చదవనీ." పెదనాయన భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. లేచిపోతాడనుకున్నాను. పోలేదు. కూచుని చివరి దాకా విన్నాడు. ఆయన మీద నాకు ఆ పొద్దు గౌరవం పుట్టింది.

కమిటీలో మేడం మాట్లాడింది రెండు ముక్కలే. "సారూ, మిషన్ని ఫలానా మాట తీసెయ్ అంటే ఏం చేస్తుంది?"

"తీసేస్తుంది మేడం," అన్నాడు హెడ్ సారు.

"తప్పైపోయింది, క్షమించండి అని కూడా అంటుంది. ఈ పిల్లను సొంత పెదనాయన ఊరందరి ముందర తీయమన్నాడు. తీసిందా?"

హెడ్ సారు ఎర్ర రంగు ఉన్న ఆ కాగితాన్ని బోర్లించి, పిల్లకు మార్కులు వేసినాడు. ఆ ఏడు నుంచి మా దగ్గర అదే నియమం. స్క్రీన్ మీద ఎర్రగా రానీ, పచ్చగా రానీ, ఊర్లో చదివినాకే మార్కులు. ఏఐ వాడుకోండి, వద్దనం. కట్ట మీద నిలబడేది మాత్రం మీరే. ఇప్పుడొచ్చే పిల్లలు మా కాలం పిల్లలకంటే బాగా రాస్తున్నారు, నేను ఒట్టేసి చెప్తాను. ఊరు అడుగుతుందని తెలిసినాక ఎవడైనా ఒళ్ళు దగ్గర పెట్టుకునే రాస్తాడు.

మేడం పోయిన నాలుగో దినం హెడ్ సారు నా గదికొచ్చి కూచున్నాడు. "ఇంక ఊర్లకు పోయేది ఎట్లమ్మా? అదంతా ఆమె మీద నడిచింది. పై నుంచి కూడా అడుగుతాండారు, అంతా ఆన్‌లైనులోనే ముగించొచ్చు కదా అని," అన్నాడు. నాకు చర్రున కోపమొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. "బస్సులు తిరుగుతాండాయి కదా సార్. నేనుండాను కదా," అన్నాను. ఆయన తలూపినాడు. ఊరికే ఊపినాడో, నిజంగా ఊపినాడో అప్పుడు తెలియలేదు.

ఇక్కడి దాకా రాసి, అచ్చుకిచ్చే ముందు, మేడం ఇంటికే పోయి చదివినాను. ఎవరి గురించి రాసినానో వాళ్ళ మనుషుల ముందర చదవల్ల కదా. కర్మ చేసే పెద్దదినం అయిన మరుసటి రోజు, మధ్యాహ్నం. వసారాలో చిన్నమ్మ, వీధోళ్ళు, హచ్చొళ్ళి మీద రాసిన పీహెచ్‌డీ పిల్లోడు, హెడ్ సారు. మోక అమ్మాయి లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. ఎవరూ చెప్పకుండానే నాకు వీపు తిప్పి, జనం వైపు మొహం పెట్టి వేసింది. ఖాళీ కుర్చీ.

చదివినాను. మృదుభాషి దగ్గర అందరూ నవ్వినారు. పిల్లోడి కాగితాలు చించిన చోటికి వచ్చేసరికి చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పాపా, అదొక్కటి తీసెయ్యమ్మా. పోయిన మనిషి. నలుగురూ చదువుతారు. మా అక్క అట్లాంటిదా?" అనింది.

చిన్నమ్మ మొహం చూడలేక కుర్చీ వీపు వైపు చూసినాను.

"తీయను చిన్నమ్మా," అన్నాను.

ఆమె కొంగు దించింది. కండ్లు తుడుచుకుని, "ఊ. చదువు మరి," అనింది. హెడ్ సారు లేచి, వాకిట్లో నిలబడిన మా డిపార్ట్‌మెంట్ పిల్లలతో, "వచ్చే వారం మోక బస్సు ఎన్ని గంటలకో కనుక్కోండ్రా," అని మళ్ళీ కూచున్నాడు.

నేను కాగితం తిప్పి మిగతాది చదివినాను. వసారాలో అందరి మొహాలూ ఆ కుర్చీ వైపే ఉన్నాయి.