నాసర్ బాబా బావిలో నీళ్ళు

మా టేకుమట్లలో ఇస్త్రీ బండి రాజలింగుతో మాట్లాడాలంటే రెండు చొక్కాలైనా పట్టుకుపోవాలి. ఊరికే నిలబడి ముచ్చట పెడితే ఆయనకు నచ్చదు. నేను బడిపంతులుగా రిటైరై ఆరేళ్ళయింది. ఎక్కడికీ పోయేది లేకున్నా వారానికి రెండుసార్లు చొక్కాలు నలిపి మరీ తీసుకుపోతాను. ఈ సంగతి మా ఇంట్లో తెలియదు. తెలిస్తే చొక్కాల కంటే ముందు నా పరువు నలుగుతుంది.

రాజలింగు తొమ్మిదేళ్ళు గల్ఫులో ఉండి నిరుడు వచ్చాడు. గల్ఫు అంటే షేకు ఇంట్లోనో, మేడల పనిలోనో అనుకుంటాం. ఆయన పని చేసింది సైనిక స్థావరంలో. దేశం ఒకరిది, స్థావరం ఇంకొకరిది. ఎక్కడో సముద్రాల అవతలి సైన్యం వచ్చి, కంచె వేసుకుని, అక్కడ విమానాలు దించుకుంటుంది. ఆ సైనికుల బట్టలు ఉతికే లాండ్రీలో మనవాళ్ళు నలభై మంది ఉండేవారట. "చాకలి ఇంట్లో పుట్టి అంత దూరం పోయి మళ్ళీ అదే పని చేశావా?" అని ఒకసారి నోరు జారాను. "మీరు ఏడికి పోయినా పాఠమే చెప్తరు గద సారూ" అన్నాడు నవ్వకుండా. నాకు తగిన శాస్తే జరిగింది.

పనివాళ్ళ క్యాంపు కంచె బయట ఉండేది. రోజూ బస్సులో తీసుకుపోయి, గేటు దగ్గర అందరినీ దించి, తనిఖీ పేరిట అరగంట ఎండలో నిలబెట్టేవారు. ప్రతి శుక్రవారం అక్కడ ఒక ముసలాయన రెండు కర్రలకు తెల్లబట్ట కట్టుకుని నిలబడేవాడు. బట్ట మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు. పేరు నాసర్. వయసులో ఉన్నప్పుడు పడవల మీద బొంబాయికి వచ్చిపోయేవాడట, హిందీ వచ్చు. రాజలింగుకు మన ఉర్దూ ఉంది.

"ఏం రాసినవ్ బాబా అని అడిగిన సారూ. మా భూమి మాకిడిచి మీ ఇండ్లకు మీరు పోండ్రి అని రాసిన అన్నడు. యుద్ధం టైముల రెండేండ్లు ఉంటమని వచ్చిన్రట. ముప్పై మూడేండ్లయింది."

చంకనెక్కించుకుంటే నెత్తికెక్కడమంటే ఇదే. పోనీ, ఎక్కించుకున్నది ముసలాయనా? కాదు. సంతకం పెట్టింది రాజధానిలోని పెద్దలు, పోయింది ఆయన నలభై ఖర్జూరపు చెట్లు, ఆయన తండ్రి తవ్విన బావి. ఇలాంటివి వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మన పొలాల్లో పరాయి ఫౌజు దిగి, మనల్నే గుర్తింపు కార్డు చూపమంటే ఊరుకుంటామా అని అరిచాను. రాజలింగు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, నేను అరవడం అయ్యేదాకా ఆగాడు.

ఒక శుక్రవారం నాసర్ బాబా రాజలింగు చెయ్యి పట్టుకున్నాడట. "నువ్వు లోపలికి పోతవు గద బేటా. రాతిగుట్టకు తూర్పు దిక్కున మా బాయి ఉండాలె. జర చూసి చెప్పు" అన్నాడట.

రాజలింగు వెతికాడు. ఎక్కువ తిరగాల్సిన పని పడలేదు. రాతిగుట్టకు తూర్పున ఉన్నది లాండ్రీయే. బట్టలు ఆరబెట్టే యంత్రాల కింద నేల ఒకచోట గుండ్రంగా వేరే రంగులో ఉండేది. బావిని రాళ్ళతో పూడ్చి సిమెంటు పోశారు. దాని మీదే ఇన్నేళ్ళుగా రాజలింగు నిలబడి పని చేస్తున్నాడు.

"మళ్ళ శుక్కురం ముసలాయన ముఖం చూసిన సారూ. పూడ్చిన్రని చెప్ప నోరు రాలే. ఉన్నది బాబా, నీళ్ళు గూడ ఉన్నయి అన్న."

ఇక అక్కడి నుంచి ప్రతి శుక్రవారం అదే ప్రశ్న. నీళ్ళు ఏపాటి ఉన్నయి? పిట్టలు వస్తున్నయా? ఒక అబద్ధం మొలకెత్తాక దానికి వారం వారం నీళ్ళు పోయక తప్పలేదు. అబద్ధం ఎంత చేదో రాజలింగుకు తెలియక కాదు. అక్కడున్నప్పుడే ఆయన తల్లి పోయింది. సెలవు దొరకదని, ఒంటరిగా కుమిలిపోతాడని భార్య పోచమ్మ మూడు నెలలు చెప్పలేదు. ఫోన్‌లో అడిగినప్పుడల్లా అవ్వ తిన్నది, పండుకున్నది అనేది. తెలిసిన తర్వాత ఏడాది పాటు పోచమ్మతో సరిగా మాట్లాడలేదు.

ఆయన ఇంటికి వచ్చిన తీరు కూడా చెప్పాలి. నిరుడు ఇసుకగాలికి బాబా బ్యానరు మట్టికొట్టుకుపోయింది. మాసిన బట్టను చూస్తే రాజలింగు చేతులు ఊరుకోవు. ఉతికిస్తానని బాబా దగ్గర తీసుకుని, మడిచి, అన్నం డబ్బా సంచిలో దాచి లోపలికి తీసుకుపోయాడు. కొత్త ఇంటి బట్ట వస్తే చాకలి మొదట చేసేది అంచుకు గుర్తు వేయడం. ఇక్కడైతే జీడిగింజ నల్లరసంతో వేస్తారు. అక్కడ నల్లదారంతో మూడు కుట్లు వేసి, ఉతికి, ఇస్త్రీ చేసి అరలో పెట్టాడు. ఎవరో అది దుప్పటి అనుకుని ఒక పెద్ద అధికారి బట్టల్లో కలిపారు. ఆయన మంచం మీద పరిచి చూస్తే, మీ ఇంటికి మీరు పొండి అని ఉంది. బాగా ఉతికాడేమో, అక్షరాలు ఒక్కటీ చెరగలేదు.

నలభై మందిని వరుసగా నిలబెట్టి ఈ కుట్లు ఎవరివని అడిగారు. నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

"గుర్తు ఏసినంక గా బట్ట నా పూచీ సారూ. నాది కాదని ఎట్లంట?"

ఒకడుగు ముందుకు వేశాడు. రెండు రోజుల్లో విమానం ఎక్కించారు. ఇంటికి రావాలని తొమ్మిదేళ్ళు తపించినవాడు, బాబాకు నిజం చెప్పకుండానే వచ్చి పడ్డాడు.

పోయిన నెల నేను బండి దగ్గర ఉండగానే చాంద్యా ఫోన్ చేశాడు. బయ్యారం పక్క తండా పిల్లాడు, ఇంకా ఆ లాండ్రీలోనే ఉన్నాడు. "అన్నా, ఫౌజు ఇంకో ఇరవై యేండ్లు ఉంటదని కొత్తగ ఒప్పందం చేసిన్రు. బాబా ఇప్పుడు నన్ను అడుగుతున్నడు, బాయిల నీళ్ళున్నయా అని. ఏమని చెప్పాలె?"

బాబాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. రాజలింగు నా వైపు చూశాడు.

"నిజం చెప్పించు" అన్నాను.

"చెప్తే నిలబడుడు బంద్ చేస్తడు సారూ. మంచంల పడి చస్తడు."

"చెప్పకపోతే లేని బావి కోసం ఎండలో చస్తాడు!"

బొగ్గులు తెచ్చిన పోచమ్మ మా ఇద్దరి మాటా విన్నది. "చెప్పు" అన్నది. "నేను మూడు నెల్లు దాచి ఏం బాగుపడ్డ? చెప్పు."

రాజలింగు చెప్పమన్నాడు. ఆ వారమంతా ఆయన ఇస్త్రీ సరిగా చేయలేదు. నా చొక్కా కాలరు కాల్చాడు. దాన్నే మడత పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

శుక్రవారం చాంద్యా మళ్ళీ చేశాడు. మేము ముగ్గురం ఫోన్ చుట్టూ చేరాం.

"చెప్పిన అన్నా. బాబా నవ్విండు. పూడ్చిననాడు కంచె బయట నిలబడి చూసింది నేనే అన్నడు. మరెందుకు అడుగుతుంటివి అంటే, ఎవరన్న ఉన్నది అంటే వినబుద్దయితది బేటా అన్నడు. ఇంకోటి చెప్పమన్నడు అన్నా. వాళ్ళు పూడ్చింది బాయిని, నీళ్ళను గాదు. వాళ్ళు పోయిననాడు తవ్వుకుంటం అన్నడు. కొత్త బ్యానరు పట్టుకొని నిలబడ్డడు, గిప్పుడు సుత."

రాజలింగు ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, "చాంద్యా, వాళ్ళు పోయిననాడు నాకు ఫోన్ చెయ్. తవ్వేటందుకు నేనొస్త" అన్నాడు.

భర్త కోసం తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన పోచమ్మ వైపు భయంగా చూశాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పో మరి," అన్నది. "గా పనికైతే పో."